అటక: నెట్ లేని చోట బ్రౌజర్‌కి జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లు అందించే కమాండ్ టూల్, ప్రాజెక్టు డైరీ

కావాల్సింది ఇది. నెట్ లేని మెషిన్‌లో ఒక ఫోల్డర్ ఉంది. అందులో ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు, దాని పక్కన నాలుగైదు జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లు, అంటే ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకోగల ఫైళ్లు. ఆ ఫైళ్లు ఎన్‌పీఎమ్ (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల ఉమ్మడి గిడ్డంగి) ప్యాకేజీలను పేరుతో ఇంపోర్ట్ చేసుకుంటాయి. ఒక్క కమాండ్ కొడితే పేజీ బ్రౌజర్‌లో తెరుచుకోవాలి. బండ్లర్ (ఫైళ్లన్నీ ఒక ముద్దగా కలిపే టూల్) సెటప్ ఫైళ్లు వద్దు, ప్రతి ప్రాజెక్టులోనూ వందల మెగాబైట్ల నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ వద్దు. నెట్ ఉన్న రోజు తెచ్చి పైన పెట్టుకుంటాం, లేని రోజు దించుకుని వాడుకుంటాం. అందుకే టూల్‌కి అటక అని పేరు పెట్టాను.

కమాండ్లు మూడు. టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాలతోనే కొడతాను.

1. అటక తే: ప్రాజెక్టు ఫైళ్లలో ఇంపోర్ట్ అయిన ప్యాకేజీలను, వాటికి కావాల్సిన మిగతా ప్యాకేజీలతో సహా తెచ్చి డిస్క్ మీద పెడుతుంది. నెట్ అవసరం దీనికి ఒక్కదానికే.
2. అటక నడుపు: సర్వర్ లేపి పేజీ అందిస్తుంది. నెట్ జోలికి పోదు.
3. అటక తనిఖీ: ఏ మాడ్యూల్ తక్కువైందో, ఏది రెండుసార్లు వచ్చిందో చెబుతుంది.

వాడినవి: నోడ్ 20 (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది), ఈఎస్‌బిల్డ్ (కోడ్‌ని మార్చి, కలిపే టూల్), ఈఎస్ మాడ్యూల్ లెక్సర్, సీజేఎస్ మాడ్యూల్ లెక్సర్ (ఈ రెండూ కోడ్‌ని నడపకుండా చదివి ఇంపోర్టులు, ఎక్స్‌పోర్టులు పట్టుకుంటాయి). సర్వర్‌కి ఫ్రేమ్‌వర్క్ ఏదీ లేదు, నోడ్‌లో ఉన్న హెచ్‌టీటీపీ మాడ్యూలే. పరీక్షకి నేను తరచూ వాడే 40 ప్యాకేజీల జాబితా రాసుకున్నాను. అందులో 22 ఈఎస్ మాడ్యూళ్లు (ఇంపోర్ట్ వాడేవి, బ్రౌజర్‌కి నేరుగా అర్థమయ్యేవి), 14 కామన్‌జేఎస్ (రిక్వైర్ వాడే నోడ్ పద్ధతి), 4 రెండు రకాలూ ఇచ్చేవి. ప్రతి దశ చివరా ఈ 40లో ఎన్ని పనిచేశాయో లెక్క ఉంటుంది. గంటలు, లైన్లు అప్పటిదాకా అయిన మొత్తం.

దశ 1: ఫైళ్లు అందించడం

హెచ్‌టీఎంఎల్ ఫైలుని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే మాడ్యూళ్లు నడవవు. మాడ్యూల్ స్క్రిప్టుని బ్రౌజర్ ఎప్పుడూ సీఓఆర్ఎస్ నిబంధనతోనే (ఒక చోటి పేజీ ఇంకో చోటి ఫైలు తీసుకోవచ్చో లేదో చెప్పేది) తెస్తుంది, డిస్క్ మీంచి నేరుగా తెరిచిన పేజీకి ఆరిజిన్, అంటే ఎక్కడినుంచి వచ్చిందన్న గుర్తింపు, నల్ అవుతుంది, దాంతో ఆపేస్తుంది. కాబట్టి ఎంత చిన్నదైనా సర్వర్ తప్పదు.

రెండో విషయం, ఎంఐఎంఈ టైప్, అంటే పంపే ఫైలు ఏ రకమో సర్వర్ చెప్పే మాట. మామూలు స్క్రిప్ట్ ట్యాగ్ అయితే టైప్ తప్పున్నా బ్రౌజర్ చాలావరకు సర్దుకుపోతుంది. మాడ్యూల్ విషయంలో ఊరుకోదు. టెక్స్ట్ ప్లెయిన్ అని పంపినా, టైపే పంపకపోయినా ఫైలుని పక్కన పడేస్తుంది. 2022లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9239 అనే ఇంటర్నెట్ పత్రం టెక్స్ట్ జావాస్క్రిప్ట్ అన్నదాన్నే ప్రామాణికం చేసింది. నేను జేఎస్, ఎంజేఎస్ రెండింటికీ అదే ఇస్తున్నాను. టైపుల పట్టిక ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగకండి, మీ కోడ్‌లోనే రాసుకోండి. కొన్ని విండోస్ మెషిన్లలో రిజిస్ట్రీ జేఎస్ ఫైలుకి టెక్స్ట్ ప్లెయిన్ అని జవాబిస్తుంది.

ఇదంతా గంట పని. మిగతా 5 గంటలు ఒకే ఒక్క తప్పు తినేసింది.

ఒక ప్రాజెక్టులో బటన్ల మీది మాటలన్నీ ఒక ఫైల్లో పెట్టాను, అన్నీ తెలుగులో. ఆ ఫైలు దగ్గరే బ్రౌజర్ సింటాక్స్ ఎర్రర్ ఇస్తోంది, ఫైలు మధ్యలో ముగిసిపోయిందని. ఎడిటర్‌లో చూస్తే ఫైలు నిండుగా ఉంది. తెలుగు తీసేసి ఇంగ్లిష్ పెడితే పనిచేస్తోంది. ఎన్‌కోడింగ్ అనుకుని హెడర్‌లో (ఫైలుతోపాటు సర్వర్ పంపే వివరాలు) యూటీఎఫ్-8 అని చేర్చాను, ఏమీ మారలేదు. మారదు కూడా, ఎందుకంటే మాడ్యూల్ స్క్రిప్టుని హెడర్‌లో ఏం రాసినా బ్రౌజర్ యూటీఎఫ్-8గానే చదువుతుంది.

తప్పు, ఫైలు పొడవెంతో చెప్పే కంటెంట్ లెంగ్త్ హెడర్‌లో ఉంది. అక్కడ స్ట్రింగ్ పొడవు ఇచ్చాను. ఫైల్లో 4,120 క్యారెక్టర్లు, వాటిలో 310 తెలుగువి. జావాస్క్రిప్ట్ స్ట్రింగ్ పొడవులో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, ఒక్కోటి ఒకటిగా లెక్క. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు. అంటే అసలు పొడవు 4,740 బైట్లు. బ్రౌజర్ నేను చెప్పిన 4,120 బైట్ల దగ్గర ఆపేసింది, చివరి 620 బైట్లు పోయాయి. పొడవుని బైట్లలో కొలిచి ఇవ్వగానే సరిపోయింది. అప్పటినుంచి నా పరీక్ష ఫైళ్లలో కనీసం ఒక తెలుగు వాక్యం ఉండి తీరాలన్నది నియమం.

లెక్క: 6 గంటలు, 140 లైన్లు, 40లో 0. ఇంకా ప్యాకేజీల దాకా రాలేదు.

దశ 2: ఒట్టి పేర్లు, ఒకే ఫైలు రెండుసార్లు

ఇంపోర్ట్‌లో రాసేది "./" తోనో "../" తోనో "/" తోనో మొదలవకపోతే, పూర్తి యూఆర్ఎల్ కూడా కాకపోతే, బ్రౌజర్‌కి అది ఎక్కడుందో తెలియదు. ఇలాంటి ఒట్టి పేర్లని సర్వర్ పంపేముందే అడ్రసుగా మార్చాలి.

మొదట రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో చేశాను. ఒక ప్యాకేజీ కామెంట్లో వాడుక ఉదాహరణ ఉంది, దాన్నీ మార్చేసింది. కామెంట్ కాబట్టి నష్టం లేదు. ఇంకో ప్యాకేజీలో అదే ఉదాహరణ టెంప్లేట్ స్ట్రింగ్‌లో ఉంది, స్క్రీన్ మీద చూపించాల్సిన మాటే మారిపోయింది. అప్పుడు లెక్సర్‌కి వచ్చాను. అది ప్రతి ఇంపోర్ట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అంకెల్లో ఇస్తుంది. వాడేవాళ్లు మూడు విషయాలు గుర్తుపెట్టుకోవాలి:

1. ఆ అంకెలు స్ట్రింగ్‌లో స్థానాలు, బైట్లలో కాదు. బఫర్‌ని కోస్తే తెలుగు ఉన్న ఫైల్లో కోత తప్పు చోట పడుతుంది.
2. మామూలు ఇంపోర్ట్‌కి ఇచ్చే స్థానాల్లో కొటేషన్ గుర్తులు ఉండవు, డైనమిక్ ఇంపోర్ట్‌కి (కోడ్ నడుస్తుండగా పిలిచేది) ఉంటాయి. నేను రెండింటినీ ఒకేలా చూసి, డైనమిక్ ఇంపోర్టుల కొటేషన్లు తినేశాను.
3. మార్పులు ఫైలు చివర్నుంచి మొదటికి చేసుకురావాలి. ముందునుంచి చేస్తే మొదటి మార్పుతోనే మిగతా స్థానాలు జరిగిపోతాయి.

ఇక అసలు కథ. చాలామంది ఇంపోర్ట్‌లో ఎక్స్‌టెన్షన్ రాయరు, "./స్టోర్" అని వదిలేస్తారు. బ్రౌజర్ చివర .జేఎస్ తగిలించి చూడదు, అలాగే అడుగుతుంది. సర్వర్‌లో ఫైలు దొరక్కపోతే .జేఎస్ చేర్చి అక్కడికి రీడైరెక్ట్ చేద్దామనుకున్నాను, అంటే ఆ కొత్త అడ్రసుకి వెళ్లమని బ్రౌజర్‌కి చెప్పడం. నాలుగు లైన్ల పని. చేశాను, పేజీలన్నీ తెరుచుకున్నాయి.

రెండు రోజుల తర్వాత ఒక పేజీలో బటన్ నొక్కితే పక్కనున్న అంకె పెరగడం ఆగిపోయింది. బటన్ ఫైలు స్టోర్‌లో విలువ మారుస్తోంది, లాగ్‌లో కనిపిస్తోంది. అంకె చూపించే ఫైలు అదే స్టోర్‌ని వింటోంది, దానికి కబురే అందడం లేదు. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. స్టోర్ రెండు కాపీలుగా ఉందేమోనని రెండు చోట్లా ఇంపోర్ట్ మెటా యూఆర్ఎల్ (మాడ్యూల్ తన అడ్రస్ తాను చెప్పే విలువ) ప్రింట్ చేశాను. రెండూ అక్షరం తేడా లేకుండా ఒకటే. దాంతో ఆ అనుమానం వదిలేసి ఈవెంట్ల కోడ్ మీద పడ్డాను. మూడు గంటలు అక్కడే పోయాయి.

చివరికి స్టోర్ ఫైలు మొదటి లైన్లో ఒక ర్యాండమ్ అంకె ప్రింట్ చేయించాను. కన్సోల్‌లో రెండు వేర్వేరు అంకెలు వచ్చాయి. ఫైలు రెండుసార్లు నడుస్తోంది.

జరిగింది ఇది. బ్రౌజర్ తెచ్చిన మాడ్యూళ్లను ఒక పట్టికలో దాచుకుంటుంది. ఆ పట్టికలో పేరు, మనం అడిగిన యూఆర్ఎల్, రీడైరెక్ట్‌కి ముందుది. ఇంపోర్ట్ మెటా యూఆర్ఎల్ మాత్రం రీడైరెక్ట్ అయ్యాక జవాబు వచ్చిన చోటు చెబుతుంది. ఒక ఫైలు "./స్టోర్" అని అడిగింది, ఇంకోటి "./స్టోర్.జేఎస్" అని అడిగింది. పట్టికలో రెండు వరసలు, రెండు కాపీలు. పైకి కనిపించే అడ్రస్ మాత్రం ఒకటే. నన్ను పక్కదారి పట్టించింది అదే.

రీడైరెక్ట్ లేకుండా ఫైలు నేరుగా ఇచ్చినా సమస్య పోదు, ఇంకొకటి తోడవుతుంది. "./స్టోర్" నిజానికి ఫోల్డర్ అయ్యి అందులోని ఇండెక్స్ ఫైలు ఇస్తే, ఆ ఫైలు లోపలి "./" అన్నీ ఒక మెట్టు పైనున్న ఫోల్డర్‌లో వెతుకుతాయి.

ఈ టూల్ మొత్తంలో నేను నమ్మే నియమం ఇక్కడే పుట్టింది: ఒక మాడ్యూల్‌కి ఒకే అడ్రస్ ఉండాలి, ఆ అడ్రస్ బ్రౌజర్ అడగకముందే తేలిపోవాలి. సర్వర్ ఊహించకూడదు. ఆ ప్రకారం మార్చినవి:

1. రీడైరెక్టులు మొత్తం తీసేశాను.
2. ఫైలు పంపేటప్పుడే అందులోని ప్రతి ఇంపోర్ట్‌ని, "./" తో మొదలయ్యేవాటితో సహా, డిస్క్ మీద వెతికి పూర్తి అడ్రసుగా మారుస్తాను. ఎక్స్‌టెన్షన్ అప్పుడే చేరుతుంది.
3. సింబాలిక్ లింకులుంటే అసలు ఫైలు దారి పట్టుకుని, దాంతోనే అడ్రస్ కడతాను.
4. నా సర్వర్ పట్టికలో లేని అడ్రస్ అడిగితే 404, అంటే దొరకలేదన్న జవాబు. దగ్గర్లో ఉన్న పేరేదో టెర్మినల్‌లో చెబుతాను, ఫైలు మాత్రం ఇవ్వను.

నాలుగోది కఠినంగా అనిపించవచ్చు. వేరియబుల్‌తో కట్టిన డైనమిక్ ఇంపోర్ట్‌లో ఎక్స్‌టెన్షన్ లేకపోతే 404 వస్తుంది, రాసినవాళ్లే చేర్చుకోవాలి. ఎర్రర్ లేకుండా రెండు కాపీలు నడిచేకంటే ఇది వెయ్యిరెట్లు మేలు.

లెక్క: 25 గంటలు, 410 లైన్లు, 40లో 15. ప్యాకేజీలు ఇంకా చేత్తోనే విప్పి పెడుతున్నాను.

దశ 3: తెచ్చి పెట్టడం

ఎన్‌పీఎమ్‌ని నడిపి దాని ఫోల్డర్ చదవచ్చు. నాకు మాత్రం ప్యాకేజీలన్నీ అన్ని ప్రాజెక్టులకీ ఒకే చోట ఉండాలి, వెర్షన్ల వారీగా. అందుకే టార్ ఫైళ్లు (ప్యాకేజీని ఒక మూటగా కట్టినవి) నేనే దించుకుంటున్నాను.

1. ఎన్‌పీఎమ్ రిజిస్ట్రీ నుంచి ప్యాకేజీ వివరాలు తెచ్చి, వెర్షన్ తేల్చి, అటక లాక్ ఫైల్లో (తేల్చిన వెర్షన్లు గుర్తుంచుకునేది) రాయడం.
2. టార్ ఫైలు దించి, రిజిస్ట్రీ ఇచ్చిన ఎస్‌హెచ్ఏ-512 హాష్‌తో (ఫైలు వేలిముద్ర లాంటిది) పోల్చడం.
3. విప్పడం.
4. ప్యాకేజ్ జేసన్‌లోని (ప్యాకేజీ వివరాల ఫైలు) ఎక్స్‌పోర్ట్స్ చదివి ఏ ఫైలు బయటికి ఇవ్వాలో తేల్చడం.
5. పీర్ డిపెండెన్సీలతో (వాడే ప్రాజెక్టులోనే ఉండాలని ప్యాకేజీ కోరేవి) సహా, కావాల్సిన ప్రతిదానికీ మళ్లీ 1 నుంచి.

రెండో మెట్టులో ఆ హాష్‌నే ఫైలు పేరుగా వాడాను. రిజిస్ట్రీ దాన్ని బేస్64లో ఇస్తుంది, బేస్64లో "/" రావచ్చు. కొన్ని ప్యాకేజీలు చక్కగా కూర్చున్నాయి, కొన్నిటికి అలాంటి ఫోల్డర్ లేదని ఎర్రర్. హెక్స్‌లోకి మార్చుకున్నాను. పేరు 128 అక్షరాలవుతుంది, ఫర్వాలేదు.

మూడో మెట్టులో, టార్ లోపల పై ఫోల్డర్ పేరు ఎప్పుడూ ప్యాకేజ్ అనే ఉంటుందనుకున్నాను. ఉండదు. 40లో 2 వేరే పేరుతో వచ్చాయి. ఏ పేరున్నా దారిలోని మొదటి ఫోల్డర్ పేరు కోసేయాలి, ఎన్‌పీఎమ్ చేసేదీ అంతే.

నాలుగో మెట్టు నన్ను బాగా విసిగించింది. ఎక్స్‌పోర్ట్స్‌లో బ్రౌజర్, ఇంపోర్ట్, రిక్వైర్, డిఫాల్ట్ లాంటి షరతులుంటాయి. వాటిని రాసిన వరసలోనే చూసుకుంటూ వెళ్లి, మనకి సరిపోయే మొదటిది తీసుకోవాలి. వరసే అర్థం. నేనేమో లాక్ ఫైలు ప్రతిసారీ ఒకేలా ఉండాలని జేసన్ కీలన్నిటినీ అక్షర క్రమంలో పేర్చి దాచాను. ఇంగ్లిష్ అక్షర క్రమంలో డిఫాల్ట్, ఇంపోర్ట్ కంటే ముందొస్తుంది. డిఫాల్ట్ అన్నిటికీ సరిపోతుంది. దాంతో ఈఎస్ మాడ్యూల్ ఉన్న ప్యాకేజీకి కూడా కామన్‌జేఎస్ ఫైలే వచ్చేది. పేర్చడం మానేశాను, ఒక్క మార్పుతో 3 ప్యాకేజీలు లేచి నిలబడ్డాయి.

వెర్షన్ల దగ్గర ఒక చిన్న మాట. ^1.2.3 అంటే అక్కణ్నుంచి 2.0.0 లోపు ఏదైనా. ^0.2.3 అంటే 0.3.0 లోపు మాత్రమే. ఈ తేడా సొంతంగా రాస్తే తప్పు పోతుంది. నాకూ పోయింది. సెమ్‌వర్ ప్యాకేజీ వాడండి.

లెక్క: 37 గంటలు, 690 లైన్లు, 40లో 19.

దశ 4: కామన్‌జేఎస్

బ్రౌజర్‌కి రిక్వైర్ తెలియదు, మాడ్యూల్ ఎక్స్‌పోర్ట్స్ తెలియదు, ప్రాసెస్ అన్న వస్తువూ తెలియదు. ఇలాంటి ప్యాకేజీని తెచ్చినప్పుడే ఈఎస్‌బిల్డ్‌తో ఈఎస్ మాడ్యూల్‌గా మార్చి పెడతాను. నోడ్ ఎన్వ్ (కోడ్ తయారీలో ఉందా, అసలు వాడుకలో ఉందా అని చెప్పేది) విలువని కూడా అప్పుడే డెవలప్‌మెంట్ అని పూరిస్తాను, లేదంటే ప్రాసెస్ అనేది లేదన్న ఎర్రర్ వస్తుంది.

మొదటి ప్రయత్నంలో ప్రతి ప్యాకేజీలోనూ దానికి కావాల్సినవన్నీ కలిపేశాను. రియాక్ట్ (పేజీలు కట్టే లైబ్రరీ) ఉన్న పేజీ తెరవగానే హుక్ తప్పుగా పిలిచారన్న ఎర్రర్. నా పేజీ ఇంపోర్ట్ చేసిన రియాక్ట్ ఒకటి, దాని డామ్ ప్యాకేజీ లోపల కలిసిపోయిన రియాక్ట్ ఇంకొకటి. దశ 2 సమస్యే, వేరే వేషంలో.

రెండో ప్రయత్నంలో బయటి ప్యాకేజీలను ఎక్స్‌టర్నల్ అని, అంటే కలపకుండా వదిలేయమని, గుర్తుపెట్టాను. ఈసారి డైనమిక్ రిక్వైర్ చెల్లదన్న ఎర్రర్. రిక్వైర్ అనేది కోడ్ మధ్యలో ఎక్కడైనా జరిగే పిలుపు, ఇంపోర్ట్ పైన ఉండాల్సిన ప్రకటన. ఎక్స్‌టర్నల్ అన్నాక ఈఎస్‌బిల్డ్ ఆ పిలుపుని అలాగే వదిలేస్తుంది, బ్రౌజర్‌లో దాన్ని అందుకునేవాళ్లెవరూ ఉండరు.

మూడోది నిలిచింది:

1. ప్యాకేజీలో రిక్వైర్ పిలిచిన బయటి పేర్లన్నీ ముందే ఏరుకోవడం.
2. మార్చిన ఫైలు పైన వాటికి ఒక్కో ఇంపోర్ట్ రాయడం.
3. చిన్న ఈఎస్‌బిల్డ్ ప్లగిన్‌తో, లోపలి రిక్వైర్ పిలుపులన్నీ పైన తెచ్చుకున్నవాటికే మళ్లించడం.
4. చివర్లో ఎక్స్‌పోర్ట్ పేర్లు రాయడం.

నష్టం ఒకటుంది. షరతుల లోపల దాగిన రిక్వైర్లు కూడా పైకొచ్చి ఎప్పుడూ లోడ్ అవుతాయి. చూసి చూసి ఒప్పుకున్నాను.

నాలుగో మెట్టుకి ప్యాకేజీని నోడ్‌లో నడిపి పేర్లు చూడటం తేలిక. కానీ తెచ్చే దశలో ఎవరి కోడో నా మెషిన్‌లో నడవడం నాకు ఇష్టం లేదు. సీజేఎస్ లెక్సర్ కోడ్‌ని నడపకుండా చదివి పేర్లు పట్టుకుంటుంది, నోడ్ కూడా ఈ పనికి దాన్నే వాడుతుంది. ఇక ప్యాకేజ్ జేసన్‌లోని బ్రౌజర్ ఫీల్డు మర్చిపోకండి. అందులో ఒక ఫైలు బదులు ఇంకోటి వాడమనో, ఫలానాది ఖాళీగా వదిలేయమనో రాసి ఉంటుంది.

లెక్క: 58 గంటలు, 1,080 లైన్లు, 40లో 33.

దశ 5: ఇంపోర్ట్ మ్యాప్ ఎంతవరకు

ఇదంతా ఇంపోర్ట్ మ్యాప్ (ఏ పేరుకి ఏ అడ్రసో బ్రౌజర్‌కి చెప్పే పట్టిక) ఒక్కటే చేసేయదా అని మొదట్నుంచీ మనసులో ఉంది. క్రోమ్ 89లో, ఫైర్‌ఫాక్స్ 108లో, సఫారీ 16.4లో వచ్చింది, ఇప్పుడు అన్నిట్లోనూ ఉన్నట్టే. రెండు రోజులు ఫైళ్లు మార్చడం పూర్తిగా ఆపి, మ్యాప్ మీదే నడిపి చూశాను.

వెబ్ వర్కర్ (పేజీ వెనక విడిగా నడిచే స్క్రిప్ట్) ఉన్న మొదటి ప్రాజెక్టులోనే ఆగిపోయింది. వర్కర్ లోపలికి ఇంపోర్ట్ మ్యాప్ వెళ్లదు, అక్కడ ఒట్టి పేరు మళ్లీ ఒట్టి పేరే. పైగా మ్యాప్ హెచ్‌టీఎంఎల్ లోపలే రాయాలి, వేరే ఫైలుగా ఇవ్వలేం. మాడ్యూల్ స్క్రిప్టుల కంటే ముందు పెట్టడమే క్షేమం, వెనక పెడితే పాత బ్రౌజర్లు దాన్ని లెక్కలోకే తీసుకోవు.

అలాగని పారేయలేం. పేరుని వేరియబుల్‌తో కట్టే డైనమిక్ ఇంపోర్టుల్ని లెక్సర్ మార్చలేదు. మ్యాప్ మాత్రం అడిగిన క్షణంలో చూస్తుంది కాబట్టి అందుకుంటుంది. అందుకని రెండూ ఉంచాను. ఫైళ్లలో మార్పు ఎప్పటిలాగే, దాంతోపాటు హెచ్‌టీఎంఎల్ తలలో మ్యాప్. ఒకే ప్యాకేజీ రెండు వెర్షన్లు అవసరమైన చోట మ్యాప్‌లో స్కోప్స్, అంటే ఎక్కడి ఫైళ్లకి ఏ అడ్రసో విడిగా చెప్పే భాగం.

ఇందులో జాగ్రత్త ఒక్కటే. మార్చిన ఫైల్లో పడే అడ్రసు, మ్యాప్‌లో పడే అడ్రసు ఒకే ఫంక్షన్ నుంచి రావాలి. మొదటి రోజు వేర్వేరుగా రాశాను. ఒకటి "@" తో మొదలయ్యే ప్యాకేజీ పేర్లలో ఆ గుర్తుని అలాగే ఉంచింది, ఇంకోటి దాన్ని శాతం గుర్తుతో ఎన్‌కోడ్ చేసింది. మళ్లీ రెండు కాపీలు. ఈసారి ఏం వెతకాలో తెలుసు కాబట్టి పది నిమిషాల్లో దొరికింది. తనిఖీ కమాండ్ అప్పుడే రాశాను. ఏ ఫైలైనా రెండు అడ్రసులతో బయటికెళితే టెర్మినల్‌లో ఎర్రగా చూపిస్తుంది.

లెక్క: 68 గంటలు, 1,260 లైన్లు, 40లో 36.

దశ 6: క్యాష్

ప్యాకేజీ ఫైళ్ల అడ్రసులో వెర్షన్ ఉంది, వెర్షన్ మారకుండా ఫైలు మారదు అనుకున్నాను. కాబట్టి మ్యాక్స్ ఏజ్ 31536000, అంటే ఏడాది పాటు దాచుకోమని, పక్కన ఇమ్యూటబుల్, అంటే మారదని. సొంత ఫైళ్లకి నో క్యాష్, తోడుగా ఈట్యాగ్ (ఫైలు మారిందో లేదో తేల్చే గుర్తు). నో క్యాష్ అంటే దాచవద్దని కాదు, వాడేముందు ప్రతిసారీ అడగమని. మారకపోతే 304తో సరి.

తర్వాత కామన్‌జేఎస్ మార్పిడిలో ఒక తప్పు దిద్దాను. ఫైళ్లు మళ్లీ తయారయ్యాయి, బ్రౌజర్ పాతవే వాడుతోంది. ప్యాకేజీ వెర్షన్ మారలేదు, మారింది నా కన్వర్టర్. అడ్రసులో కన్వర్టర్ వెర్షన్ కూడా చేర్చాక కుదురుకుంది.

ఇంకో రెండు దెబ్బలు. దశ 2లో రీడైరెక్టులకి 301 వాడాను. తీసేశాక కూడా బ్రౌజర్ కొన్నాళ్లు పాత దారినే వెళ్లింది, 301 శాశ్వతమని గుర్తుపెట్టుకుంటుంది మరి. ప్రయోగాల్లో 302 వాడండి. రెండోది పోర్ట్. పాత ప్రాజెక్టు ఒకటి 8080లో సర్వీస్ వర్కర్ (పేజీకీ సర్వర్‌కీ మధ్య కూర్చుని తానే జవాబివ్వగల స్క్రిప్ట్) రిజిస్టర్ చేసి ఉంది. పోర్ట్ ఒకటైతే బ్రౌజర్ దృష్టిలో ఆరిజిన్ ఒకటే, కొత్త ప్రాజెక్టు తెరిస్తే పాత పేజీ వచ్చింది. ఇప్పుడు ప్రాజెక్టు ఫోల్డర్ దారిని హాష్ చేసి 20000 నుంచి 29999 లోపు పోర్ట్ ఎంచుకుంటున్నాను. ఒక ప్రాజెక్టుకి ఎప్పుడూ అదే పోర్ట్. ఇష్టమొచ్చిన అంకె పెట్టుకునేవాళ్లకి ఒక మాట: 6000, 6666 లాంటి కొన్ని పోర్టులను బ్రౌజర్లు అసలు తెరవనివ్వవు.

సర్వర్ 127.0.0.1 (ఈ మెషిన్‌కి మాత్రమే అందే అడ్రస్) మీదే వింటుంది. అటకలోని ఫైళ్లు నెట్‌వర్క్‌లో ఎవరికీ కనిపించాల్సిన పని లేదు.

లెక్క: 75 గంటలు, 1,330 లైన్లు, 40లో 36.

దశ 7: వేగం

లోడాష్ ఈఎస్ ప్యాకేజీలో 600కి పైగా ఫైళ్లున్నాయి. మొత్తం ఇంపోర్ట్ చేస్తే అన్ని రిక్వెస్టులు. హెచ్‌టీటీపీ 1.1లో బ్రౌజర్ ఒక సర్వర్‌తో ఒకసారికి 6 కనెక్షన్లే పెట్టుకుంటుంది. ఒక ఫైలు చదివితేనే తర్వాత ఏది కావాలో తెలుస్తుంది. లోకల్ సర్వరే అయినా నా పాత ల్యాప్‌టాప్‌లో మొదటిసారి తెరవడానికి 1.9 సెకన్లు పట్టింది.

హెచ్‌టీటీపీ 2 చూశాను. బ్రౌజర్లు దాన్ని టీఎల్ఎస్ (గుప్తంగా మార్చిన కనెక్షన్) మీదే మాట్లాడతాయి, లోకల్ సర్టిఫికెట్ తయారుచేసి నమ్మించాలి. నెట్ లేని మెషిన్‌లో కూర్చున్న మనిషికి ఆ టెన్షన్ పెట్టలేను. వదిలేశాను.

దాని బదులు ఈఎస్ ప్యాకేజీలను కూడా తెచ్చేటప్పుడే ప్యాకేజీకో ముద్దగా కలుపుతున్నాను. బయటి ప్యాకేజీలు బయటే ఉంటాయి. ఒక ప్యాకేజీకి రెండు ద్వారాలుంటే, అంటే అసలు పేరుతో ఒకటి, దాని కింద ఉపపేరుతో ఒకటి, వాటిని విడివిడిగా కలపకూడదు. లోపలి ఉమ్మడి ఫైలు రెండింట్లోనూ పడి మళ్లీ రెండు కాపీలవుతుంది. ద్వారాలన్నీ ఒకేసారి ఇచ్చి ఈఎస్‌బిల్డ్ స్ప్లిటింగ్ ఆన్ చేస్తే ఉమ్మడి భాగం వేరే ఫైలుగా వస్తుంది. 1.9 సెకన్లు 0.3కి దిగింది. పనిలో పనిగా, ఉపపేర్ల దగ్గర ఇరుక్కున్న 2 ప్యాకేజీలు కూడా బయటపడ్డాయి.

లెక్క: 84 గంటలు, 1,450 లైన్లు, 40లో 38.

దశ 8: నెట్ నిజంగా తీసేసి

బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో ఆఫ్‌లైన్ అని పెడితే లోకల్ సర్వర్ కూడా ఆగిపోతుంది, అది ఈ పరీక్షకి పనికిరాదు. వైఫై ఆపితే, అంతకుముందు నెట్ ఉన్నప్పుడు బ్రౌజర్ దాచుకున్నవి లోటుని కప్పేస్తాయి. లైనక్స్‌లో నాకు కుదిరిన పద్ధతి:

1. అన్‌షేర్ కమాండ్‌ని యూజర్, నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ఫ్లాగులతో నడిపి కొత్త షెల్ తెరవడం. దానికి బయటి నెట్‌వర్క్ ఉండదు.
2. కొత్త నేమ్‌స్పేస్‌లో లూప్‌బ్యాక్ (మెషిన్ తనతో తాను మాట్లాడుకునే దారి) కూడా ఆగి ఉంటుంది. ఐపీ లింక్ కమాండ్‌తో లేపాలి, లేకపోతే 127.0.0.1 కూడా అందదు. నాకు గంట పోయింది ఇక్కడే.
3. సర్వరూ, బ్రౌజరూ రెండూ ఆ షెల్‌లోంచే తెరవాలి, బ్రౌజర్‌కి కొత్త ఖాళీ ప్రొఫైల్ ఇవ్వాలి.

అదే రోజు పరీక్షని కూడా గట్టి చేశాను. అప్పటిదాకా ప్యాకేజీ మొత్తాన్ని ఒకే వస్తువుగా ఇంపోర్ట్ చేసి, ఎర్రర్ రాకపోతే పాస్ అనుకున్నాను. ఇప్పుడు పేరుతో ఒక ఫంక్షన్ తెచ్చుకుని పిలిచి, జవాబు సరిచూస్తున్నాను. 38 కాస్తా 33 అయింది. పోయిన 5 ఇవి.

రెండు, వాసమ్ (వెబ్ అసెంబ్లీ, ముందే కంపైల్ అయిన కోడ్) ఫైలున్నవి. ఇంపోర్ట్ మెటా యూఆర్ఎల్ ఆధారంగా తమ పక్కనున్న వాసమ్‌ని వెతుక్కుంటాయి. దశ 7లో నేను ముద్ద చేసి జేఎస్‌ని వేరే చోట పెట్టాను, పక్కనుండాల్సిన ఫైలు పక్కన లేదు. ఇలాంటి వాడుక కనిపించిన ప్యాకేజీని ఇప్పుడు కలపకుండా ఉన్నది ఉన్నట్టే పెడుతున్నాను.

ఇంకో రెండింట్లో ఎక్స్‌పోర్ట్ పేర్లు లూప్‌లో తయారవుతాయి. కోడ్ నడపని లెక్సర్‌కి అవి కనిపించవు. లాక్ ఫైల్లో పేర్లు చేత్తో రాసుకునే వీలు పెట్టాను.

ఐదోది నడిచేటప్పుడు ఒక డేటా ఫైలుని బయటి సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. ఇన్నాళ్లూ నెట్ ఉండబట్టి పాసైంది. దీనికి టూల్ వైపు మందు లేదు. తనిఖీలో పూర్తి హెచ్‌టీటీపీ అడ్రస్ ఉన్న ఫెచ్ కనిపిస్తే హెచ్చరిక ఇస్తున్నాను.

లెక్క: 94 గంటలు, 1,590 లైన్లు, 40లో 37. మిగిలిన 3లో ఒకటి ఆ డేటా ఫైలుది. రెండు నోడ్ ఫైల్ సిస్టమ్ అడిగేవి, అవి బ్రౌజర్ కోసం రాసినవే కావు.

ఇంకా ఉన్న పని

సోర్స్ మ్యాపులు, అంటే మారిన కోడ్‌లోని లైను అసలు ఏ ఫైల్లో ఎక్కడిదో చెప్పేవి. ముద్ద చేసిన ప్యాకేజీలో బ్రేక్‌పాయింట్ పెడితే అసలు ఫైలు కాకుండా నా ఫైలు తెరుచుకుంటోంది. ఈఎస్‌బిల్డ్ మ్యాప్ ఇస్తుంది, కానీ నేను పైన చేర్చే ఇంపోర్ట్ లైన్ల వల్ల అందులోని లైన్లన్నీ జరిగిపోతున్నాయి. ఆ ఇంపోర్టులన్నీ కొత్త లైన్ లేకుండా మొదటి లైన్లోనే ఇరికిస్తే మిగతా లైన్లు కుదురుగా ఉంటాయి, మొదటి లైన్లో మాత్రం కాలమ్ తప్పుతుంది. నిన్న 4 ప్యాకేజీల మీద చూశాను, 3 సరిగ్గా తెరుచుకున్నాయి. నాలుగోదాని కోడ్ మొత్తం మినిఫై అయ్యి, అంటే కుదించుకుపోయి, ఒకే లైన్లో ఉంది. దానికి కాలమ్ కూడా లెక్కించి మ్యాప్‌ని తిరగరాయాలి, తర్వాత పట్టుకునేది అదే.